అవస్థ ప్రార్థన

మొన్న నంద్యాలలో మా వదినను చూసి వచ్చినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆమె మా అన్న భార్య, అన్న పోయి చాలా కాలమైంది. ఇంక ఇంటికి తీసుకుపోండని డాక్టర్లు చెప్పేశారు కాబట్టి కోడలు ముందుగదిలోనే మంచం వేయించి, పూటపూటా ఒళ్ళు తుడిచి, తల దువ్వి, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటోంది. ఆ పిల్లను నేను ఒక్క మాట అనను. అయితే దిండు పక్కన సెల్‌ఫోను పెట్టి, అందులో భక్తి పాటలు పెట్టింది. కీబోర్డు, డ్రమ్ములు, వాటి మధ్య ఎవరిదో నాజూకు గొంతు. ఒక పాట అయిపోయి రెండోది అందుకునే లోపల బట్టల సబ్బు ప్రకటన గదంతా దద్దరిల్లేట్టు వచ్చింది. కోడలు కంగారుగా ఫోను అందుకుంటుండగా మా వదిన కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నేను తల దించుకుని, కాసేపు కూర్చుని, ఏదో వంక చెప్పి వచ్చేశాను.

ఆళ్లగడ్డ దగ్గరి పల్లెల్లో, మన కతోలిక గుళ్ళ నీడన పెరిగిన నా ఈడు వాళ్ళకు ఆ చూపు ఏమడిగిందో చెప్పనక్కరలేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను.

మా నాయన మా ఊరి ఉపదేశి. సాములోరు, అంటే ఫాదరు, నంద్యాల నుంచి నెలకొకసారి బస్సు దిగి పూజ చేసి పోతే, మిగిలిన ఆదివారాలు ప్రార్థన చెప్పడం, పిల్లలకు జపాలు నేర్పడం, మొగుడూ పెళ్ళాల తగాదాలు తీర్చడం అన్నీ మా నాయన మీదే పడేవి. ఇన్నింటిలోనూ ఆయన తన అసలు పని అనుకున్నది అవస్థ ప్రార్థన. ప్రాణం పోయే అవస్థలో ఎవరైనా ఉన్నారని తెలిస్తే చాలు, అన్నం ముందు నుంచి కూడా లేచిపోయేవాడు. ఆయన తలాపున కూర్చుని అర్చ్యశిష్టుల, అంటే పునీతుల, పేర్లు ఒక్కొక్కటే రాగం తీసి పిలిచేవాడు. మరియమ్మ, జోజప్ప, పేతురు, పౌలు, ఇట్లా. ఒక్కో పేరుకు బండల మీద, అరుగు మీద, వీధిలో కూర్చున్న జనమంతా “ఈయన కొరకు వేడుకొనండి” అని ఒకే గొంతుతో వంత పలికేవాళ్ళు. పేర్లు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఊపిరి ఉన్నంతసేపూ అది ఆగకూడదు. ఒకసారి ఒక ముసలాయన దగ్గర పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేదాకా పాడితే, పొలాల నుంచి వచ్చిన వాళ్ళు కూర్చోవడమూ, కూర్చున్న వాళ్ళు లేచి గొడ్లను చూసుకోను పోవడమూ జరిగాయి గానీ వంత మాత్రం ఒక్క పేరుకూ తప్పలేదు.

ఊపిరి ఆగిందని తోచినా మా నాయన తొందరపడేవాడు కాదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, విశ్వాస సంగ్రహం అనే జపం మనసులో మూడుసార్లు నిదానంగా చెప్పుకుని, అప్పటికీ ఊపిరి తగలకపోతేనే లేచి నిలబడేవాడు. ఆ తర్వాతనే ఎత్తే పాట. శవాన్ని పెట్టెలో పెట్టి ఎత్తేదాకా పాడే పాట అది, దాని రాగమే వేరు. మా ఊళ్ళో ఆ పాటను ఎవరూ ఊరికే పాడరు. చిన్నప్పుడు నేనొకసారి బావి దగ్గర కూనిరాగం తీస్తే మా అమ్మ తడిచేత్తోనే చెంప పగలగొట్టింది.

నేను టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో మా పెద్దమామకు అవస్థ వచ్చింది. మా అమ్మకు అన్న ఆయన. నన్ను భుజాల మీద ఎక్కించుకుని మహానంది దాకా నడిచి, చూపించుకొచ్చిన మనిషి. సాములోరిని పిలుచుకు రావడానికి నాయన నంద్యాలకు పోయినాడు. ఆయన వచ్చేదాకా నువ్వు పట్టుకో, రాగం నీకు వచ్చుగదా అని అమ్మ నన్ను తలాపున కూర్చోబెట్టింది. నా గొంతు మీద నాకు అప్పట్లో ఎంత గర్వమో! మధ్యాహ్నం దాకా పాడాను. గొంతు బొంగురుపోయింది, నాలుక పిడచగట్టుకుపోయింది, నాయన జాడ లేదు. మామ ఊపిరి ఆగింది. చెయ్యి పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. విశ్వాస సంగ్రహం ఒక్కసారి, అదీ గబగబా చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, నాయన వచ్చేలోపల అంతా నేనే ముగించానని అనిపించుకోవాలని కూడా ఉన్నింది. లేచి ఎత్తే పాట అందుకున్నాను.

నేను ఎత్తుకుంటే జనం అందుకున్నారు. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. రెండో చరణం సగంలో మా మామ కళ్ళు తెరిచినాడు.

“ఏందే పాపా, అప్పుడే ఎత్తుతాండారా నన్ను? ఇంత బేగానా?” అన్నాడు.

ఎవరో ఏడుపులోనే నవ్వినారు. అత్త మాత్రం నా జుట్టు పట్టుకుని, “బతికుండే మనిషిని ఎత్తితివి గదే! నీ నోరు పడిపోను!” అని శపించింది. అది అక్కడితో పోయి ఉంటే ఊళ్ళో నవ్వుకునే కథగా మిగిలేది. మామ ఇంకా పదకొండు రోజులు బతికినాడు. ఆ పదకొండు రోజులూ ఆయనకు ఒకటే భయం. జపమాల పట్టుకుని ఎవరు గడప తొక్కినా, వద్దు, మళ్ళీ ఎత్తుతారు, పాడొద్దని చెప్పండని అత్త కొంగు పట్టుకునేవాడు. సాములోరు నూనె పూసి అభ్యంగనం ఇచ్చినా ఆ భయం పోలేదు. చివరి రోజున మా నాయన గడప బయటే నిలబడ్డాడు, లోపలికి పోలేదు. మా ఊళ్ళో ఆఖరి గడియలో ఒక్క పేరైనా పిలవకుండా పోయిన మనిషి నాకు తెలిసి మా మామ ఒక్కడే. ఆ పాపం నాది.

నాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొన్నాళ్ళ తర్వాత, నేను గుడికి పోయినా పెదవి కదపకుండా కూర్చుంటున్నానని గమనించి, దగ్గర కూర్చోబెట్టుకుని, “నా అవస్థ కాడ మాత్రం నువ్వే పాడల్ల. ఇంగెవురూ వద్దు,” అన్నాడు. నన్ను నిలబెట్టడానికే ఆ మాట అన్నాడని అప్పుడు అర్థం కాలేదు.

ఏళ్ళు గడిచాయి. నేను నంద్యాలలో పంతులమ్మనయ్యాను, నాయన ముసలితనంలో నా దగ్గరే ఉన్నాడు, ఆయనకూ అవస్థ వచ్చింది. పట్నం ఇల్లు, పక్కింటి వాళ్ళు మన మతం వాళ్ళు కారు, వచ్చిన చుట్టాలు నలుగురైదుగురు. మా వదిన నా మోచెయ్యి పట్టుకుని, “పాడు వదినా, నాయన నీ కోసమే చూస్తాండాడు,” అని ఎంతగానో బతిమాలింది. పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ నోరు తెరిస్తే మా మామ ముఖమే కళ్ళకు కట్టింది. మళ్ళీ తొందరపడితే? నాయన కూడా భయపడితే? లేచి పోయి టేప్‌రికార్డరు తెచ్చి, పట్నం గాయకులు పాడిన భక్తి పాటల క్యాసెట్టు పెట్టాను. నాయన ఒక్కో పాట ముగిసినప్పుడల్లా నా వైపు చూసేవాడు. క్యాసెట్టు ఒకవైపు అయిపోతే రెండోవైపు తిప్పి పెడుతున్నాను, నా వీపు ఆయన వైపు ఉంది, అప్పుడు పోయినాడు.

ఇప్పుడు ఆదివారం పూజ అయ్యాక మా ముసలివాళ్ళమంతా గుడి మెట్ల దగ్గర చేరి తెగ సణుగుతాం. గోడ మీద తెర, తెర మీద పాట, చెవులు చిల్లులు పడే కీబోర్డు, పిల్లలకు ఒక్క పాత రాగం రాదు, ఫాదరుకు చెప్పినా వినడు. అందరికంటే పెద్ద నోరు నాదే. అవస్థ మంచం దగ్గరికి మొట్టమొదట యంత్రాన్ని తెచ్చిపెట్టింది నేనేనని ఆ మెట్ల మీద ఏనాడైనా చెప్పానా? లేదు. ఆ పిల్లలకు రాగం రాకపోతే వాళ్ళ తప్పేముంది, వాళ్ళు వినేటట్టు పాడింది ఎవరు?

వదినను చూసి వచ్చాక రెండు రోజులు ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగి, మూడో రోజు పొద్దున్నే మళ్ళీ పోయినాను. ఆ పాటలు కాసేపు ఆపమ్మా అంటే కోడలు వెంటనే ఆపింది. వదిన తలాపున కూర్చున్నాను. మరియమ్మ పేరు తీశాను. తీసి, వంత కోసం ఆగాను. గదిలో కోడలు, ఆమె తల్లి, పక్కింటి అమ్మాయి ఉన్నారు. పాపం ముగ్గురూ చేతులు జోడించి భక్తిగా నిలబడ్డారు, ఏమనాలో వాళ్ళకు తెలియదు. నేను ఆగేసరికి కోడలు కంగారుపడి, “గొంతు పట్టుకునిందా చిన్నమ్మా, నీళ్ళు తెచ్చేదా?” అనింది.

అప్పుడు మంచం మీది నుంచి వినబడింది, “ఈమె కొరకు వేడుకొనండి.”

మా వదినే. కళ్ళు మూసుకునే ఉంది. నలభై ఏళ్ళు ఎవరెవరి మంచాల పక్కనో కూర్చుని పలికిన మాట, ఈసారి మంచం మీద ఉన్నది తానేనన్న ధ్యాస ఉందో లేదో, అలవాటు కొద్దీ పలికింది. జోజప్ప పేరు తీశాను. మళ్ళీ ఆమే. వద్దు వదినా, నువ్వు అలిసిపోతావు అందామనుకుంటే, మధ్యలో ఆపకూడదు గదా. తొమ్మిది పేర్ల దాకా పలికి, ఆ పైన పెదవులు మాత్రమే కదిలించింది.

ఒకప్పుడు ఊరు ఊరంతా వీధి నిండా కూర్చుని, పోయే మనిషి కోసం అడగవలసిందంతా తామే అడిగి, ఆ మనిషిని ఊరికే పడుకుని విననిచ్చేవాళ్ళు. మా నాయన దగ్గర ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే, ఈ ముప్పై ఏళ్ళలో కనీసం నలుగురైనా విని నేర్చుకుని ఉందురు. ఆ నలుగురు లేక, మా వదిన ఆఖరి ఊపిరిని తన వంత తానే పలుక్కోవడానికి ఖర్చు పెట్టుకుంది.