పేరు అడగని పెట్టె

రెండు మాటలు వింటే చాలు, మనిషిది ఏ ఊరో చెప్పేసేవారు మా టీం లీడరు. కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి వినేవారు. తిరుపతి ఆఫీసులో చేరిన రోజు నేను "ఈడికి రెండు బస్సులు మారి వచ్చినాను సార్" అన్నానో లేదో, "పాకాలేనా?" అన్నారు. ఆఫీసు మొత్తానికి ఆ ఊరిదాన్ని నేనొక్కదాన్నే. ఆయనది చిత్తూరు.

మా ఉద్యోగుల పోర్టల్‌ని ఇద్దరం కలిసి కొత్తగా తయారుచేశాం. పాతదాంట్లో ఉన్న కోర్టు నోటీసు భాషంతా ఆయనే తీయించారు. "మనోళ్ళు మాట్లాడినట్టే రాయిమ్మా, అప్పుడే సదువుతారు" అనేవారు. అందులోని ఫిర్యాదుల పెట్టెలో పేరు అడగకూడదని మేనేజరుతో పోట్లాడిందీ ఆయనే. ఆ రోజు ఇంటికెళ్ళి ఆయన గురించి మా నాయనకు గొప్పగా చెప్పాను.

ఆ పెట్టెలో పడ్డ మొదటి ఫిర్యాదు నాదే. మాట్లాడినట్టే రాశాను: "మేనేజరు ఆడోళ్ళ కుర్సీల ఎనకాల నిలబడి బుజాల మీద సేతులేస్తా ఉండాడు. యాడ సెప్పుకోవాల?"

మర్నాడు మేనేజరు గది అద్దాల్లోంచి చూశాను. ఆయన కంప్యూటర్లో ఏదో పైకి చదువుతున్నాడు. ఎదురుగా మా టీం లీడరు కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి వింటున్నారు.

సాయంత్రానికి నన్ను గోడౌనుకు మార్చినట్టు అదే పోర్టల్లో ఉత్తర్వు వచ్చింది. వెళ్ళి టీం లీడరు ముందు నిలబడ్డాను. తలెత్తలేదు.

"నీ పేరు నేను సెప్పలేదమ్మా," అన్నారు. "ఊరు మాత్రమే సెప్పినాను."