మొక్కు కోసం ఆపిన ముట్టు

మా ఆయన దుబాయి నుంచి వచ్చింది నెల సెలవు మీద. ఈ నెలలోనే కడుపు నిలబడాలని నాకు ఒకటే ఆరాటం. "ఏమన్న ఇశేషం ఉన్నదా?" అని వాడకట్టంతా అడుగుతుంటే ఒళ్లు మండేది. మొగుడు దుబాయిలో ఉంటే ఫోన్లో వస్తుందా కడుపు?

ఆయన వచ్చీ రాగానే మా అత్తమ్మ, "ముందుగాల కొండగట్టు పోయి సంతానానికి మొక్కుకోవాలె బిడ్డా" అంది. తీరా చూస్తే అనుకున్న మంగళవారానికే నాకు ముట్టు వచ్చేలా ఉంది. ముట్టుతో గుడి మెట్టు ఎక్కేదెట్లా?

"ఫికర్ జెయ్యకు, ఆపే గోళీలు ఏసుకో. అందరు ఏసుకునేటియే" అని తనే మెడికల్ షాపు నుంచి తెప్పించింది. మంగళవారం బండి దొరకలేదు. తర్వాత వాన. ఆ తర్వాత, "ఎట్లయిన పోతున్నం, ధర్మపురి గూడ చూసొద్దాం" అంది. నేను గోళీలు మింగుతూనే ఉన్నాను.

రెండు గుళ్లూ తిరిగొచ్చి గోళీలు ఆపేశాక ముట్టు వచ్చింది. అప్పటికే సెలవు సగం దాటింది. మేమిద్దరం కరీంనగర్ వెళ్లి డాక్టరమ్మను అడిగాం, ఏ రోజుల్లో కలిస్తే నిలబడుతుందని. ముట్టు మొదలైనప్పటి నుంచి అండాశయంలో కొత్త గుడ్డు పెరుగుతుందట. పండాక బయటికొస్తుందట. దాని కోసం గర్భసంచిలో పొర తయారవుతుందట, ఏదీ నిలవకపోతే ఆ పొరే ముట్టుగా రాలుతుందట. గోళీలు ఆ పొరను రాలకుండా ఆపాయి కాబట్టి తర్వాతి గుడ్డు కూడా వెనక్కి జరిగిందట.

నాకు బుర్ర తిరిగిపోయింది. ముట్టు రోజుల్లోనే గుడ్డు వస్తుందనుకునేదాన్ని ఇన్నాళ్లూ. బడిలో ఆ పాఠం రాగానే టీచరమ్మ, "ఇంట్ల చదువుకోండ్రి" అని పేజీ తిప్పేసింది మరి.

"అయితే గుడ్డు ఎప్పుడొస్తది మేడమ్?"

"ఇంకో రెండు వారాలకు, జర అటీటు."

మా ఆయన వేళ్లు మడిచి చూసుకుని, "అప్పటికి నేను దుబాయిల ఉంట" అన్నాడు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. అత్తమ్మ మీదా? ఆమె ఆశపడిందీ నా బిడ్డ కోసమే. దేవుడి మీదా? అమ్మో! అత్తమ్మకు ఏమీ చెప్పలేకపోయాను.

వెళ్లిపోయిన కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేసి, "గుడ్డు ఇయ్యాల్నేనా?" అని మెల్లగా అడిగాడు.

"ఇయ్యాల్నే గావచ్చు" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు.

అత్తమ్మ వచ్చి తల నిమిరింది. "ఏడ్వకు బిడ్డా. వచ్చేసారి వాడు రాకముందే గోళీలు నేనే తెచ్చిపెడ్త, ఇంకో రెండు గుళ్లు ఎక్కువనే తిరుగుదాం."