దోహా నుంచి బాపు దాకా

దోహా నుంచి శంషాబాద్‌కు దాదాపు మూడు వేల కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటలు. ముందు సీటు వెనకున్న తెర మీద బొమ్మ విమానం నీలం సముద్రంలో కదిలినట్టే ఉండదు. దాన్నే చూస్తుంటే కళ్లు మూతలు పడతాయి. తెరిచేసరికి కింద ఎర్ర నేల, గుట్టలు, ఎండిన కుంటలు. నిద్రలో ఎవరో ఎత్తుకొచ్చి ఇంటి ముందు దింపినట్టుంటుంది.

అక్కడి దవాఖానలో నర్సుగా చేరిన రెండేళ్లకు సెలవు దొరికింది, అదీ వారమే. జడ్చర్ల దగ్గర మా ఊరు చేరేసరికి ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. బాపు గొర్లను తోలుకుని హుజూర్‌నగర్ వైపు పోయాడు. మా దగ్గర మేత ఎండిపోగానే కాలువ కింద వరి కోసిన పొలాలకు మందతో నడిచిపోవడం మావాళ్లకు ఏటా ఉన్నదే. రాత్రి గొర్లు ఎవరి పొలంలో పడుకుంటే ఆ రైతు, ఎరువు పడినందుకు ఇన్ని బియ్యం ఇస్తాడు. బాపు ఫోను చార్జింగు కూడా ఆ రైతుల దయే.

"నువ్వొస్తున్నవని మొన్ననే చెప్పిన. గంతల్నే ఫోన్ బందైంది," అంది అమ్మ.

రెండు రోజులు చూశాను. ఇక ఓపిక లేక హుజూర్‌నగర్ బస్సెక్కాను. పొలాల వెంట రెండు రోజులు అడుగుతూ తిరిగితే చివరికి ఒక రైతు చెప్పాడు.

"మీ బాపా? పోయి నాలుగైదు దినాలాయె. బిడ్డ ఒస్తాందని తోటోళ్ల మందలకెల్లి తన గొర్లను ఏరు చేసుకొని ఇంటి దిక్కు మళ్లిండు."

పచ్చని మేత వదిలి నాకోసం ఆయన ఇటు నడిచి వస్తుంటే, నేను బస్సులో ఆయన్ను దాటి అటు పోయానన్నమాట. కిటికీకి తలానించి హాయిగా కునుకు తీసి ఉంటాను. నా మీద నాకే ఒళ్లు మండింది. మర్నాడు రాత్రికే నా విమానం.

తెల్లారి తిరుగు బస్సులో కన్ను మూయలేదు. ఎండకు రోడ్డు దూరంగా నీళ్లలా మెరుస్తోంది. హాలియా దాటాక ఆ మెరుపులో మెల్లగా ఊగుతూ దుమ్ము కనిపించింది. దుమ్ములో కొమ్ములు, చెవులు, వెనక భుజాన గొంగడితో బాపు. బస్సు ఆపించి దిగాను.

"మందను తోటోళ్లకు అప్పజెప్పి బస్సుల రావద్దా బాపూ? ఇయ్యాల రాత్రికే నా విమానం." అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఈనే గొర్లున్నయి బిడ్డా. ఎవల మీద ఇడిసిపెట్టి రావాలె? దోహా నాలుగు గంటలే అంటివి గద. నువ్వు దగ్గర్నే ఉన్నవని నేను ఫికర్ చెయ్యలే."

గొర్ల వెనక ఆయన పక్కన కొంతసేపు నడిచాను. గంటల చప్పుడు, దుమ్ము, ఎండ. ఆ నడక అట్లా సాగుతూనే ఉంటే బాగుండుననిపించింది.

జడ్చర్ల బస్సు వస్తే బాపే చెయ్యెత్తి ఆపాడు. నన్ను ఎక్కించి, కిటికీ ఊచ పట్టుకుని అన్నాడు.

"మల్ల ఒచ్చేటప్పుడు నెల ముందుగాలనే చెప్పు బిడ్డా. నేను బయల్దేరుత."