అద్దాలాయన ఎంచుకున్న విమానం

ముప్పై ఏళ్లు ఊరందరి కళ్లూ పరీక్షించిన మనిషికి తన కళ్ల సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. కళ్లజోళ్ల దుకాణం నడిపాడు కాబట్టి అద్దాలాయన అన్న పేరే స్థిరపడిపోయింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. చూపు మెల్లగా తగ్గుతోంది. చుక్కలు వేసుకుంటే రెండేళ్లు ఫరవాలేదు, ఆ తర్వాత సంగతి ఆవిడ చెప్పలేదు.

అద్దాలాయనకు ఉన్న వ్యసనం ఒక్కటే. నిజం విమానాల కొలతలు సంపాదించి, ఆరో వంతుకు తగ్గించి, తేలిక చెక్కతో అచ్చం అలాంటివే కట్టి, మైదానంలో రిమోటుతో ఎగరేస్తాడు. ఒక్కొక్కటి ఏడాదిన్నర పని. అంటే లెక్క ప్రకారం ఇక మిగిలింది ఒక్క విమానం.

అది ఏదన్నది ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు. పాతకాలపు యుద్ధ విమానం, బూడిద రంగుది. దాని నక్షాలు ఇరవై ఏళ్లుగా బీరువాలో ఉన్నాయి. వాటిని బల్ల మీద పరుచుకుని మురిసిపోతుంటే భార్య పెదవి విరిచింది.

"సన్నటి రెక్కలు, పైగా మబ్బు రంగు. పైన ఎటు తిరిగిందో మీకు తెలియకపోతే దాన్ని కిందికి దించేదెవరండీ?"

"నాకు తెలుస్తుందిలే."

"అయితే పరీక్ష పెడతాను," అంది ఆవిడ.

ఆవిడా ముప్పై ఏళ్లు అదే దుకాణంలో కూర్చున్న మనిషే. మూడు పళ్ల దువ్వెనలాంటి గుర్తులున్న బోర్డు చూపించి, పళ్లు ఎటు ఉన్నాయని ఎన్ని వేలమందిని అడిగిందో. ఆయన మనసుపడ్డ విమానాలూ, ఆయన వెక్కిరించే విమానాలూ అట్టలో కత్తిరించి, అసలు రంగులే వేసింది. ఆదివారం పొద్దున మైదానంలో ఎనభై అంగలు నడిచి, గొడుగు గడ్డిలో పడేసి, బూడిద రంగు అట్ట ఎత్తింది.

"ముక్కు ఎటుంది?"

"కుడి." సరిపోయింది. "ఎడమ." అదీ సరిపోయింది. మూడోసారి ఆవిడ అట్ట ఎత్తకముందే ఆయన "కుడి" అనేశాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. "ముక్కు ఎప్పుడెటు తిప్పాలో నేను రాసుకున్న చీటీ చూసేశారు కదూ," అని అక్కణ్ణించే కేకేసింది ఆవిడ. "లైసెన్సు కోసం బోర్డు బట్టీపట్టి వచ్చే డ్రైవర్లను ఎంతమందిని పట్టుకున్నానో మరిచిపోయారా?"

చీటీ చింపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నాలుగింట మూడు తప్పు. తప్పని ఆవిడ అనలేదు, అట్ట దించేసింది. ఆ దించడంలోనే ఆయనకు అర్థమైపోయింది. డాక్టరు గదిలో కలగని భయం ఇక్కడ, ఎండలో, పట్టుకుంది. ఆయన గడ్డి మీద కూర్చుండిపోయాడు.

ఆవిడ అట్టలు చంకన పెట్టుకుని, తన పసుపుపచ్చ గొడుగు విప్పి, ఆయనవైపు నడవడం మొదలుపెట్టింది.

"గొడుగు భుజం మార్చావెందుకు?" అన్నాడు ఆయన.

ఆవిడ ఆగిపోయింది. "కనిపించిందా?"

"కనిపించకేం? ఇందాక కుడి భుజం మీదుంది, ఇప్పుడు ఎడమ."

ఆవిడ గబగబా మళ్లీ పాత చోటికే వెళ్లి అట్టలు వెతికింది. అన్నిటికంటే అడుగున ఉంది, పొలాలకు మందు చల్లే విమానం. పొడుగు ముక్కు, బండ రెక్కలు, ఒళ్లంతా పసుపు. రెక్కలొచ్చిన గంగాళమని ఆయన ఎన్నోసార్లు నవ్విన విమానం. దాన్నే ఎత్తి పట్టుకుంది. కుడి, ఎడమ, పైకి, మళ్లీ ఎడమ. ఏ చీటీ లేకుండా నాలుగూ సరిగ్గా చెప్పాడు. చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి వెళ్లాక బూడిద విమానం నక్షాలు చుట్టి దారం కట్టాడు. దారం కడుతుంటే మనసు చివుక్కుమంది. ఇరవై ఏళ్ల ఆశ మరి.

పద్నాలుగు నెలల తర్వాత గంగాళం తయారైంది. రంగు ఆరాక ఆవిడ కొట్టుగదిలోకి వచ్చి అద్దం మూతలోంచి తొంగి చూసింది. లోపల బొటనవేలంత పైలట్ కూర్చుని ఉంది. ముడి వేసిన జుట్టు, ముక్కు మీద కళ్లజోడు.

"ఇదేమిటండీ, నన్ను కూర్చోబెట్టారు?"

అద్దాలాయన ఉప్పుకాగితంతో చక్రం అంచు రుద్దుతూ తలెత్తలేదు.

"దించేదెవరని అడిగావుగా," అన్నాడు.