రెండేళ్ల కిందటి దాహం

ఈరోజు వాకాడు దగ్గర మా పక్క పొలం మరియమ్మక్క పామాయిల్ తోట చూడటానికి ఉద్యాన అధికారి వచ్చారు. చెట్లు పచ్చగానే ఉన్నాయి కానీ ఒక్క గెల కూడా లేదు, అంతా కాయ కట్టని మగపూతే. ఏ మందు కొట్టాలని అక్క అడిగింది.

"ఇది తెగులు కాదమ్మా. రెండేళ్ల కిందట చెట్లకు నీళ్లు చాలలేదు. ఏ పూత రావాలో అప్పుడే ఖాయమైపోయింది. ఇప్పుడు మందేం చేస్తుంది?" అన్నారాయన.

అక్క "ఆ ఎండాకాలమంతా మా ఆయన్ను పెట్టుకోని నెల్లూరు ఆస్పత్రిలో ఉండాను సార్. మోటారు వేసేదానికి ఎవురూ లేరు. ఆయనా దక్కలేదు," అనింది.

ఆ ఎండాకాలం పక్కనే నా మోటారు రోజూ ఆడింది. ఒక్క తడి ఆమె తోటకు పెడదామని నాకు తోచనే లేదు. మీలో ఎవరికైనా తోచి ఉండేదా?