రెండు సీట్ల పెళ్లి కారు

నా పెళ్లి బంద్ రోజున పడింది. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న కాలం; ముహూర్తం పెట్టినప్పుడు లేని బంద్ పెళ్లి ముందురోజు పుట్టుకొచ్చింది. మాట్లాడుకున్న జీపులవాళ్లు చేతులెత్తేశారు. పెళ్లయ్యాక మా చిల్పూరు నుంచి రేగొండలోని అత్తగారింటికి పోవడానికి మిగిలినవి రెండే: మానుకోటకు మిర్చి మోసే మా మేనమామ పాత పికప్ బండి, పెళ్లికొడుకు దోస్తు హైదరాబాద్ నుంచి తెచ్చిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు.

ఆ కారును చూసి వాడకట్టంతా మురిసింది. తలుపు తీశాక తెలిసింది, అందులో రెండే సీట్లని.

"పెళ్లికొడుకు, పెళ్లిపిల్ల. సరిపాయె గదా," అన్నాడు దోస్తు.

"మరి నడిపేదెవరు?" అన్నాడు మేనమామ.

మహానుభావుడు తనను తాను లెక్కపెట్టుకోవడమే మరిచాడు. పెళ్లికొడుక్కేమో డ్రైవింగ్ రాదు.

ఇక చూడాలి గోల. పిల్లను పరాయివాడి పక్కన ఒంటరిగా ఎట్లా పంపుతామని ఒకరు. పెళ్లికొడుకు కారులో, పిల్ల మిర్చి బండిలో పోతే నలుగురూ నవ్వుతారని ఇంకొకరు. నాకు ఒళ్లు మండింది. నాకు కావలసింది ఒక్కటే, అవ్వ నాతో రావాలి. తల్లి లేని నన్ను పెంచింది అవ్వే. అత్తగారి గడప దగ్గర నా చేయి అప్పజెప్పాల్సిందీ ఆమే. ఆమె మోకాళ్లకు పికప్ ఎత్తు అందదు. ఎత్తి కూర్చోబెడతామంటే ఒప్పుకోదు.

పక్కనున్న పెళ్లికొడుకును అడిగాను. అదే మా మొదటి మాట. "ఎట్ల జేద్దాం?"

"నాకేం సమజైతలేదు," అన్నాడు. అంతలోనే పోయి, అవ్వను మెల్లగా కారులో కూర్చోబెట్టాడు. పికప్ ముందు సీటు పెద్దలకిచ్చి, పట్టుబట్టలతోనే వెనక ఎక్కి నాకు చేయందించాడు. మంచివాడో తిక్కవాడో తేల్చుకోలేకపోయాను.

దారిలో ఉద్యమకారులు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మాతో జై తెలంగాణ అనిపించి బండిని వదిలారు. కారును ఆపి, లోపల అవ్వను చూసి నవ్వుకుంటూ పంపారు. మిర్చి ఘాటుకు తుమ్ముతూ నేను దారి పొడుగునా వెనక్కే చూశాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు కడుపు నేలకు రాసుకునేది.

రేగొండలో అత్త హారతి పళ్లెంతో గడపలో నిలబడింది. అవ్వ మాత్రం కారులోంచి లేవలేదు. సీటు నేలబారున ఉంది, మోకాళ్లు పట్టేశాయనుకున్నాం. ఇద్దరు చేతులు పట్టి లాగారు. ఊహూఁ. ఒకటేమో ఎక్కలేనిది, ఇంకొకటి దిగలేనిది, ఇదెక్కడి పీడ అనుకుంటూ నేనే వంగి ఆమె చంకల కింద చేతులు వేశాను.

"జర ఆగు బిడ్డా," అంది నా చెవిలో. "కాళ్లు మంచిగనే ఉన్నయి. నేను దిగితే నిన్ను అప్పజెప్పాలె గదా."

వేసిన చేతులతో ఆమెను లేపాలో, అట్లాగే ఉండిపోవాలో నాకు తెలియలేదు.