చేతిని ముచ్చట్లలో పెట్టిన అన్న

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చిన్న కంప్యూటర్ దుకాణంలో ఉన్నవి: గాజు బల్ల, దాని మీద ఆరు గేమింగ్ మౌస్‌లు, నేను, నా ఫోన్‌లో మౌస్ కొనేముందు చూడాల్సిన పద్నాలుగు అంశాల పట్టిక, దుకాణం నడిపే అన్న. బైకు మీంచి పడి విరిగిన నా కుడి చిటికెన వేలు వంకరగా అతుక్కుంది. పది నిమిషాలు కంప్యూటర్ గేమ్ ఆడితే నొప్పి మణికట్టు దాకా పాకేది. కాలేజీ నుంచీ కలిసి ఆడుతున్న ముగ్గురు మిత్రులకు, నా బదులు ఇంకొకరిని చూసుకోమని చెప్పేద్దామనుకున్నాను. పట్టికలో ఈ వేలి సంగతి లేదు.

నేను సెన్సార్ గురించి అడుగుతుంటే అన్న ఒక మౌస్ నా చేతి కింద పెట్టి, "ఏ ఊరు తమ్మీ మీది?" అన్నాడు.

"తెనాలండి."

"ఈడ కిరాయికుంటున్నరా? ఇంట్ల ఎవరెవరుంటరు?"

ఆయన నా ముఖం చూడడం లేదు, వేళ్లనే చూస్తున్నాడు. మౌస్ మార్చినప్పుడల్లా ఇంకో ప్రశ్న. ఐదో మౌస్ దగ్గరికి మా అమ్మ వంట దాకా వచ్చాం.

"మౌస్ ఎలా ఉందో అడగరేంటండీ?"

"అడిగితే చెయ్యి బిగుసుకుంటది. ముచ్చట్ల పడితెనే అసలు సంగతి చెప్తది. సూడు, నీ చిటికెన వేలు నిమ్మళంగ పండుకున్నది."

అది రంగు లైట్లు లేని వెడల్పాటి మౌస్. దాని తీగ మొదలును అటూ ఇటూ వంచి చూపించాడు. "ముందుగాల తెగేది ఈడనే. గిది తెగది, తీస్కపో."

ఏళ్లు గడిచాయి, ఇప్పుడక్కడ చెప్పుల దుకాణం ఉంది. మౌస్ ఇంకా పనిచేస్తోంది.

అది కొన్న వారం, ఆదివారం నాడు ఎల్బీ నగర్‌లో మిత్రుడి గదిలో నలుగురం ఆపకుండా తొమ్మిది మ్యాచ్‌లు ఆడాం. నాలుగు గెలిచాం.